మూడు ట్యాపుల సెట్టు

మా ఆయన కోలారు బంగారు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. గనులు సర్కారు చేతికి వచ్చిన తరువాత పనిలో చేరి, అవి మూతపడేదాకా అక్కడే చేశారు. ఆ తరువాత గనివాళ్ళు కట్టించిన మా లైను ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, పల్లెల నుంచి వచ్చే డీజిలు పంపు ఇంజన్లు బాగుచేసేవారు. ఇంజను బ్లాకులో బోల్టు పట్టే మర చెడిపోతే, రంధ్రాన్ని కాస్త పెద్దదిగా తొలిచి కొత్త మర కొయ్యాలి. అందులో ఆయన చేతికి పేరు. ఆ మర కోసే పనిముట్టే ట్యాపు. గని సామాన్లు వేలం వేసినప్పుడు ఒక పెట్టెడు ట్యాపులు ఆయన ఏరి తెచ్చుకున్నారు. పాత ఇంగ్లీషు ఇంజన్లకు సరిపడే అంగుళాల మరలవి.

నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు బాగా వచ్చు. ఒకటి చాలిన చోట రెండుంటే చూస్తూ ఊరుకోలేను. ఒకరోజు ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు షెడ్డు సర్దాను. పెట్టెలో ఒకే నంబరు కొట్టిన ట్యాపులు మూడేసి ఉన్నాయి. మూడింటిలో ఒకటి కొన సన్నగా, వాడిగా ఉంది. తక్కిన రెండూ మొద్దుబారినట్టు కనిపించాయి. అరిగిపోయినవి దాచుకుని ఏం చేస్తాడీ మనిషి అనుకున్నాను. ప్రతి సైజులో వాడిగా ఉన్నది ఒకటి ఉంచి, మిగిలినవన్నీ పాత ఇనుము వాడికి వేసి ప్లాస్టిక్ బిందె తీసుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పాలని కూడా తోచలేదు.

నెల తిరక్కముందే లక్కూరు దిక్కు నుంచి ఒక రైతు మరలు చెడిన బ్లాకు తెచ్చాడు. పట్టు పురుగులు మేపేవాడు. రెండు చోట్ల ఆ పని కాదని తిప్పి పంపారట. నీళ్ళు లేక మల్బరీ తోట వాడుతోందని, ఆకు లేకపోతే పురుగులు చస్తాయని చెప్పి, ఆయన చేతులు పట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో ఇస్తానని ఆయన మాటిచ్చారు.

రంధ్రాలు తొలిచాక పెట్టె తెరిచి, చాలాసేపు వెతికి నన్ను పిలిచారు. చేసిన పని చెప్పాను. ఆయన అరవలేదు. మిగిలిన ట్యాపు నా అరచేతిలో పెట్టారు.

"మొదటిది దారి చేస్తాది. రెండోది మర కోస్తాది. మూడోది అడుగుదాకా పోతాది. ఈ రంధ్రానికి అడుగుండాది, దాని కింద నీళ్ళు తిరిగే గూడు. ఇంకా లోతుకు తొలిస్తే బ్లాకు పోతాది. ఈ సన్న కొన దానితో అడుగున మర పడదు."

"ముందే చెప్పుంటే ముట్టుకుందునా?" అన్నాను.

"ఇన్నేండ్లలో నువ్వు నా పెట్టె తెరిచింది లేదు. ఏమని చెప్పేది?"

పాత ఇనుము వాడి దగ్గరికి నేనే పరుగెత్తాను. సరుకు అప్పటికే లారీకెక్కి మాలూరు వైపు కరిగించే చోటికి పోయిందన్నాడు. మరునాడు పొద్దున రైలుకు ఇద్దరం బెంగుళూరు పోయాం. ఆయనకు సన్న అంకెలు ఆనవు, నేను చదివి చెప్పాలి. దుకాణం తరువాత దుకాణం ఎక్కి దిగాం. అంతటా మిల్లీమీటర్ల మరలే. ఒక దుకాణదారు నవ్వుతూ కన్నడంలో, ఈ సరుకు మా తాత అమ్మేవాడు, ఆయన్నే అడగాలన్నాడు. చివరికి ఒక ముసలాయన నూనె కాగితంలో చుట్టిన సెట్టు బయటికి తీశాడు. మూడూ ఉన్నాయి. లావు సరిగ్గా సరిపోయింది. మా ఆయన ముఖం వెలిగింది. అంగుళానికి ఎన్ని పళ్ళో చదవమన్నారు. ఆ ఇంజను బోల్టుకు పదకొండు ఉండాలి. పద్నాలుగు ఉంది. పదకొండని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పినా ఆయన గోరుతో తడిమి తెలుసుకునేవారు. పద్నాలుగనే చెప్పాను. కాగితం మళ్ళీ చుట్టి, ముసలాయనకు దండం పెట్టి బయటికి వచ్చారు.

నాలుగో రోజు, ఉన్న ఒక్క ట్యాపుతో అందినంత లోతు మర కోసి, ఆపైన దాని కొనను సానరాయి మీద అరగదీసి మూడోదానిలా చేశారు. అరగదీసేటప్పుడు ఉక్కు వేడెక్కి నీలం తిరిగింది. నీలం తిరిగిన చోట ఉక్కు సత్తువ పోతుందని ఆయనకు తెలుసు. నన్ను నూనె పొయ్యమని, కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు రంధ్రాలు పూర్తిచేశారు. మూడో రంధ్రం అడుగున ట్యాపు విరిగి లోపలే ఉండిపోయింది. గట్టి ఉక్కు, దాన్ని తొలిచే బిట్టు మా దగ్గర లేదు. ఆయన ఎంత తంటాలు పడినా రాలేదు. చివరికి రంధ్రం పక్కన బ్లాకే చిట్లింది.

సాయంత్రం రైతు వచ్చాడు. నేను గడపలోనే ఉన్నాను.

"నా చెయ్యి తప్పిందప్పా," అన్నారు మా ఆయన.

"ఇంగ యాడికి పోయేది మేస్త్రీ, నిన్ను నమ్మి వచ్చినాను," అన్నాడు రైతు. ఆయన తల వంచుకున్నారు. ట్యాపులు పారేసింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. పరాయివాడి ముందు ఎందుకని నోరు మూసుకున్నాను.

తరువాత పని తగ్గింది. వారానికి రెండు బ్లాకులు వచ్చేచోట నెలకొకటి అయింది, ఆపైన అదీ లేకపోయింది. గిరాకీ అంతా కరెంటు మోటార్లకు పోతోందని ఆయనకు చెప్పేదాన్ని, నాకు నేనూ చెప్పుకునేదాన్ని. ఆయన షెడ్డులో ఊరికే కూర్చుని, ఉన్న రెంచీలు తుడుస్తూ ఉండేవారు. మూడేళ్ళకు పోయారు.

మాసికం అయ్యాక బస్సెక్కి లక్కూరు పోయాను. రైతు గుర్తుపట్టి చాప వేశాడు. ఆ ఏడు పురుగులు పోయాయట. తరువాత మోటారు పెట్టుకుని నిలదొక్కుకున్నాడు. జరిగింది చెప్పాను. ట్యాపులు పారేసింది నేను, ఆయన చెయ్యి తప్పలేదన్నాను.

అతను వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అప్పుడు కడుపు మండి, మేస్త్రీ చెయ్యి పోయిందని సంతలో కనిపించినోళ్ళకంతా చెప్పినానమ్మా. మాలూరు దాకా చెప్పినాను."

"ఇప్పుడు కాదని చెప్పప్పా."

"చెప్తానమ్మా. కానీ ఆ ఇంజన్లు ఇప్పుడు యాడుండాయి? ఆయన్ను ఎవరడుగుతారు?"

అతని భార్య పాలు తెచ్చి పెట్టింది. వద్దనకుండా తాగాను. అతన్ని నిష్టూరమాడే హక్కు నాకు లేదు.