జనవరి ఇరవై ఆరు పక్కన టిక్కు

టీమ్‌లో చేరిన మొదటి వారంలోనే నాకు సెలవుల పట్టిక అప్పగించారు. ఎవరికీ అక్కర్లేని పని కాబట్టి ఎవరితోనూ మాట్లాడని మనిషికి ఇచ్చారు. మేం పనిచేసేది వేరే దేశాల ఆఫీసుల కోసం. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా చెడితే వాళ్ళు టికెట్ పెడతారు. ఆ క్షణం నుంచి రాయదుర్గంలో మా ఎనిమిదో అంతస్తు మీద గడియారం తిరుగుతుంది. ఇన్ని గంటల్లో బాగుచేసి తీరాలి. సెలవు రోజున మాత్రం ఆ గడియారం ఆగుతుంది. ఏ దేశానికి ఏ రోజు సెలవో సిస్టమ్‌కు చెప్పేది నా పట్టికే. దేశం, తేదీ, దాని పక్కన చిన్న గడిలో ఒక టిక్కు.

ఒక్క పూటలో అయిపోవాల్సిన పని. నాకు వారాలు పట్టేది, ఎందుకంటే ప్రతి తేదీ దగ్గరా ఆగి, ఇది అసలు ఎలా సెలవైందని వెతికేదాన్ని. దొరికింది డైరీలో రాసుకునేదాన్ని. ఫ్రాన్స్ వాళ్ళ జూలై పద్నాలుగు, జనం జైలు కోట మీద పడి పట్టుకున్న రోజు. సరిగ్గా ఏడాది తర్వాత అదే తేదీన అందరూ కలిసి జరుపుకున్న ఉత్సవం కూడా ఉంది. దాన్ని సెలవుగా చట్టం చేసినప్పుడు ఏ ఏడాది జూలై పద్నాలుగో రాయకుండా వదిలేశారు. తిరుగుబాటు కావాలన్న వాళ్ళకు అది, వద్దన్న వాళ్ళకు ఇది. అమెరికాలో స్వాతంత్ర్యానికి ఓటు పడింది జూలై రెండున, పండుగ చేసుకునేది నాలుగున. సింగపూర్‌ను మలేషియా నుంచి వేరు చేసి పంపేసిన రోజే సింగపూర్‌కు జాతీయ దినం. ఇవన్నీ ఎవరికైనా చెప్పాలనిపించేది. డైరీకి చెప్పేదాన్ని.

మొత్తం పట్టికలో నన్ను ఎక్కువసేపు ఆపిన తేదీ జనవరి ఇరవై ఆరు. అది మనకూ సెలవే, ఆస్ట్రేలియాకూ సెలవే. 1788లో ఆ రోజున బ్రిటిష్ ఓడలు ఖైదీలను తెచ్చి దింపి అక్కడ జెండా పాతాయి. ఆ నేల మీద అప్పటికే ఉన్న జనానికి అది పండుగ ఎలా అవుతుంది? నూట యాభై ఏళ్ళ సంబరాలు జరుగుతున్న రోజునే వాళ్ళు సంతాప దినం పాటించారు. మన ఇరవై ఆరు 1930లో మొదలైంది. పూర్తి స్వరాజ్యం కావాలని ఆ రోజు ఊరూరా జనం నిలబడి ప్రతిజ్ఞ చదివారు. చదివిన వాళ్ళ చేతిలో అప్పటికి ఏ అధికారమూ లేదు. తర్వాత నిజంగా స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టులో. రాజ్యాంగం నవంబరులోనే ఆమోదం పొందినా, ఆ పాత తేదీ వృథా పోకూడదని రెండు నెలలు ఆగి జనవరి ఇరవై ఆరున అమల్లోకి తెచ్చారు. ఒక తేదీ కోసం దేశం రెండు నెలలు ఆగిందని డైరీలో రాసి, కింద గీత గీసుకున్నాను.

ఆస్ట్రేలియా షిఫ్టు కాబట్టి మేం సూర్యుడి కంటే ముందే ఆఫీసులో ఉంటాం. ఆ వేళకు మా అంతస్తులో నాతో మాట్లాడేది ఒక్క హౌస్‌కీపింగ్ అక్క. మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఈ జనవరిలో ఒక పొద్దున పాంట్రీలో కప్పులు కడుగుతూ అడిగింది.

"మేడం, ఇరవై ఆరుకు ఫ్లోర్ బంద్ ఉంటదా?"

"ఎందుకక్కా?"

"నా బిడ్డ గురుకులంల ఎనిమిది సదువుతది గద. ఆ రోజు పరేడ్ల అదే ముందల నడుస్తదంట. నడుసుడే గాదు, సావధాన్ అని అరుసుడు గూడ దానిదేనంట. ఇంట్లెట్లనో ఆడ గట్లనే ఉన్నట్టుంది. సూపర్‌వైజర్‌ను అడిగితె, ఫ్లోర్ బంద్ ఉంటె పో, లేకుంటె రావాల్నే అన్నడు."

"సెలవేనక్కా. టిక్కు పెట్టింది నేనే" అన్నాను. అంత నమ్మకంగా నేను ఆఫీసులో ఎన్నడూ ఏదీ అనలేదు.

మూడు రోజుల తర్వాత మా మేనేజర్ అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆస్ట్రేలియా ఆఫీసులో చాలామంది ఇరవై ఆరున పండుగ చేసుకోవడం ఇష్టంలేక ఆ రోజు పనిచేస్తారట, బదులుగా ఇంకో రోజు సెలవు తీసుకుంటారట. "మంచి విషయమే కదా. కాబట్టి మనమూ ఉందాం" అన్నారు. ఒక షీట్ పంపారు. పద్నాలుగు పేర్లు, ప్రతి పేరు ముందూ ఒక గడి. పైన ఎప్పుడూ ఉండే మాటే: వీలుకాని వాళ్ళు రాయండి, ఖాళీగా ఉంచితే వస్తున్నట్టే.

ఆ మాట నాలాంటి వాళ్ళ కోసమే పుట్టిందని నాకు ఎప్పటినుంచో తెలుసు. మూడేళ్ళుగా నా గడి ఖాళీనే. ఆ ఖాళీ దీపావళికి వచ్చి పనిచేసింది, ఉగాదికి వచ్చి పనిచేసింది.

మధ్యాహ్నానికి ఎవరూ ఏమీ రాయలేదు. మేనేజర్ నా బల్ల దగ్గరకు వచ్చారు. "అందరికీ ఓకేనమ్మా. ఇండియా ఇరవై ఆరు పక్కన టిక్కు తీసేయ్. గడియారం నడవాలిగా."

"తీయనండి."

"ఏం, యాక్సెస్ పోయిందా?"

"ఉందండి. తీయను."

నా పక్క సీటతను కుర్చీ ఇటు తిప్పాడు. మేనేజర్ కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు, అదే కష్టం.

"ఊరెళ్తున్నావా? ఇంట్లో ఏమైనా ఫంక్షనా?"

"ఏమీ లేదండి."

"మరి?"

"ఏ పనీ లేకపోయినా సెలవు సెలవే కదండి."

"చూడమ్మా, వాళ్ళు ఒక న్యాయం కోసం చేస్తున్నారు. మనం ఆ మాత్రం సాయం చేయొద్దా?"

"వాళ్ళు చేసేది నాకు చాలా నచ్చిందండి. వాళ్ళకు వద్దనిపించిన సెలవు వాళ్ళు వద్దన్నారు. మన సెలవు మనం అడిగి తెచ్చుకున్నది. దాన్ని మనమెందుకు వదులుకోవాలి? అసలు మనల్ని రమ్మని వాళ్ళు అడిగారా?"

"అడగకముందే మనం ఉంటే బాగుంటుందని..."

"అడగలేదన్నమాట."

ఆయన వెళ్ళిపోయారు. పక్క సీటతను అన్నాడు, "ఏంది, మాట్లాడ్తవా నువ్వు? మూడేండ్లాయె, నీ గొంతు ఎట్లుంటదో ఇయ్యాల ఎరుకైంది."

అక్క సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే ఆయన జాలిపడి అక్కకు సెలవిప్పించి, ఫ్లోర్ తెరిచే ఉంచేవారు. నాకు ఆయన జాలి అక్కర్లేదు. కానీ కూకట్‌పల్లి వెళ్ళే కాబ్‌లో కూర్చున్నాక భయం పట్టుకుంది. నా పంతం నెగ్గకపోతే కూతురి పరేడ్ పోగొట్టుకునేది నేను కాదు, అక్క. వెంటనే ఫోన్‌లో షీట్ తెరిచి నా పేరు ముందు "రాను" అని రాశాను. కారణం రాయలేదు.

ఇంటికి చేరేసరికి దాని కింద గడిలో "నేను గూడ" అని ఉంది. పక్క సీటతను. మర్నాడు పొద్దున చూస్తే ఏడు గళ్ళు నిండాయి. ఒకమ్మాయి కారణం కూడా రాసింది: నిద్రపోవాలి.

మేనేజర్ చివరికి ఆస్ట్రేలియాకు మెయిల్ పెట్టారు. జవాబు రెండు వాక్యాలు. ఆ రోజు మీ గణతంత్ర దినమని మాకు తెలుసు, మా కోసం తెరవొద్దు. ఏమైనా ఉంటే మర్నాడు చూద్దాం. ఇన్నేళ్ళూ వాళ్ళను అడిగిన వాళ్ళే లేరు.

టిక్కు అలాగే ఉంది. పట్టిక మాత్రం నా దగ్గర ఉండలేదు. ఆ శుక్రవారం మేనేజర్ చిన్న గదిలోకి పిలిచి, దాన్ని ఇంకొకరు చూసుకుంటారని చెప్పారు. "ఈసారి నీ గురించి మంచి రేటింగ్ రాద్దామనుకున్నానమ్మా. కలుపుగోలుతనం దగ్గర ఏం రాయను?" అన్నారు. అంతకుముందు మూడేళ్ళు నేను ఒక్క మనిషితోనూ కలవలేదు, అప్పుడు ఆ గడిలో బాగుందనే రాశారు. ఆ సంగతి ఆయనకు గుర్తుచేశాను. ఆయన నవ్వబోయి ఆగారు.

ఇరవై ఆరున నేను ఏ గొప్ప పనీ చేయలేదు, కావాలనే. తొమ్మిది దాకా పడుకుని, ఒక పుస్తకం తీసుకుని ఖాజాగూడ చెరువు పక్క రాళ్ళ మీద కూర్చున్నాను. సెలవును దేనికి వాడానో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదనిపించింది. డైరీలో తేదీ మాత్రం రాశాను.

మర్నాడు పాంట్రీలో అక్క నాకంటే ముందే ఉంది.

"నడిచిందా అక్కా?"

"నడిచింది. నన్ను జూసి నవ్వకు అని ముందే చెప్పిన. నవ్వుడు గాదు, నా దిక్కు జూడనే లే. గంత పెద్ద మనిషైంది." చేతులు తుడుచుకుంది. "దాని అరుపుకు ఎంపీడీవో సారు గూడ సక్కగ నిలవడ్డడు."

నవ్వుతూనే కప్పులు వరసగా పేర్చి, నా వైపు తిరిగింది.

"ఇగ పంద్రాగస్టుకు గూడ బంద్ ఉంటదా మేడం?"

పట్టిక ఇప్పుడు నా చేతిలో లేదని అక్కకు తెలియదు.

"ఉంటుందక్కా" అన్నాను.