కళ్ళకు కట్టుకున్న తువ్వాలు

నా చూపు పక్కల నుంచి తగ్గిపోతూ వస్తోందని శ్రీకాకుళంలో కంటి డాక్టరు చెప్పారు. నీటి కాసులట, అదే గ్లాకోమా. చుక్కలు మానకుండా వేసుకోమన్నారు. మిగిలిన చూపు ఎన్నాళ్ళుంటుందో మాత్రం చెప్పలేమన్నారు. ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. మా ఊరు కోటబొమ్మాళి వచ్చేదాకా బస్సులో దాన్నే తలుచుకుంటూ కూర్చున్నాను. పక్కన మా ఆవిడ వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతూనే ఉంది.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాను. రేపు ఎలాగూ గుడ్డివాణ్ణే కదా, ఇప్పుడే నేర్చేసుకుంటే పోలా? కళ్ళకు తువ్వాలు కట్టుకుని గడ్డం గీసుకున్నాను, చొక్కా గుండీలు పెట్టుకున్నాను, బిందెలోంచి నీళ్ళు ముంచుకున్నాను. ఎవరైనా నవ్వితే చిర్రెత్తుకొచ్చేది. మా ఆవిడ మా మేనమామ కూతురే, పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. "ఏటి బావా, దాగుడుమూతలాడతన్నావా?" అని మొదట్లో నవ్వింది. "నీకేం తెలుసు, నోర్ముయ్యే" అన్నాను. ఆ తర్వాత నవ్వలేదు. నేను తన్నేసిన చెంబులు తీసి పక్కన పెట్టేది.

చర్చిలోనూ అదే తంతు. కోతల పండుగనాడు ఆరాధన అంతా కళ్ళు మూసుకునే కూర్చున్నాను. ఎవరి గొంతు ఎటు నుంచి వస్తోందో పోల్చుకోవడం ఆ రోజు నా పాఠం. రేపటి గురించి దిగులు పడొద్దన్న ప్రభువు మాట మీదే పాస్టరుగారు ప్రసంగం చేశారు. నేనేమో ఆయన గొంతు ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటున్నాను! బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "వాక్యంలో ఎంత లీనమైపోయారు బ్రదర్!" అని మెచ్చుకున్నారు. సిగ్గేసి తలూపాను.

ఇళ్ళనుంచి తెచ్చిన పంటల్ని ఆ రోజు చర్చి ముందు వేలం వేస్తారు. మా ఆవిడ ఒక గుమ్మడికాయ పాడుకుంది. దాన్ని చంకనెత్తుకుని, కోసేసిన మళ్ళ మధ్య గట్టు మీద ముందు నడుస్తోంది. నేను మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి నడుస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది.

"బావా, కళ్ళు తెరవకుండా సెప్పు. ఈయాల నాను ఏ రంగు సీర కట్టుకున్నాను?"

పొద్దున్న ఇంటినుంచి చర్చిదాకా ఆమె పక్కనే, కళ్ళు తెరుచుకునే నడిచి వచ్చాను, అయినా గుర్తు లేదు.

"ఆకుపచ్చ" అన్నాను, నోటికొచ్చింది.

నా చేతికింద భుజం వణికింది. డాక్టరు చెప్పిననాడు కూడా ఏడవని మనిషి.

"రేపు సీకటైపోతే నానున్నాను, సెయ్యట్టుకుని నడిపిస్తాను. ఈయాల్టికి దేవుడు సూపు ఇచ్చినాడు కదేటి? దానికి తువ్వాలు కట్టేస్తన్నావు. నువ్వు సూస్తావని కొత్త సీర కట్టుకున్నాను బావా. ఆసుపత్రినుంచి వచ్చిన కాడినుంచి నువ్వు నన్ను సూడనేదు."

కళ్ళు తెరిచాను. ఎండ గుచ్చుకుంది. చీర నేరేడుపండు రంగు. చెంపల మీద నీళ్ళు. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది, ఎప్పుడు తెల్లబడిందో ఏమో! ఎంత బాగుంది నా మనిషి!

"అలా సూస్తావేటి, ఎవులైనా వస్తారు" అని కొంగుతో మొహం తుడుచుకుంది. "ముందు గట్టు సూసుకో."

గట్టు చూడలేదు. నా భయం పోయిందని చెప్పను, అది ఇప్పటికీ ఉంది. కానీ ఆ మధ్యాహ్నం ఆమెనే చూస్తూ నడిచాను. నడిచి నడిచి ఒకచోట కాలు జారి మడిలో పడ్డాను. ఆమె "ఓలమ్మో!" అని గుమ్మడికాయ గట్టు మీద పెట్టి, చెయ్యి అందించబోయి, నా వాలకం చూసి నవ్వడం మొదలుపెట్టింది. చెయ్యి అందుకోలేదు నేను. ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా మడిలోనే పడుండి చూశాను.