కరామా మెట్ల మీద బాడెన్-బాడెన్

నా చిన్నప్పుడు దుబాయ్‌లోని కరామాలో మేమున్న బిల్డింగుకు లిఫ్టు లేదు. మాది మూడో అంతస్తు. కాకినాడ నుంచి వచ్చిన మా నాయనమ్మను నాన్న, ఆయన స్నేహితులు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. ఊరేగింపు బాగుందని నవ్వింది కానీ, ఆ తర్వాత ఆవిడ కిందికి దిగిందే లేదు. మోకాళ్ళ నొప్పులు. డాక్టరు రోజూ నడవమన్నాడు. "ఈ ఇసకలో నడిచి ఎవరింటికెళ్ళాలిరా?" అని ఆవిడ మంచం వదిలేది కాదు.

ఇలాగే కూర్చుంటే కాళ్ళు పూర్తిగా పట్టేస్తాయని నాన్నకు భయం. చలికాలం వచ్చేలోగా నాలుగడుగులైనా వెయ్యకపోతే కాకినాడలో బాబాయి దగ్గరికి పంపేస్తానన్నాడు. అక్కడైతే పెరడుంటుంది, పలకరించేవాళ్ళుంటారు అని ఆయన లెక్క. ఆవిడ చెయ్యి మీద తల పెట్టుకోనిదే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

అప్పుడే పక్కింటి అక్క జర్మనీ నుంచి తిరిగొచ్చింది. కోనసీమ మనిషి. ఒక అరబ్బుల ఇంట్లో పెద్దావిడకు సాయంగా ఉండి, సాయంత్రాలు ఇల్లు చేరేది. ఆ ఏటి ఎండాకాలంలో పెద్దావిడ ఒంటి నొప్పులకని అక్కడి బాడెన్-బాడెన్ అనే వేడినీటి బుగ్గల ఊరు వెళ్తూ అక్కనూ వెంట తీసుకెళ్ళింది. అక్క ఒక ఫ్లాస్కు పట్టుకొచ్చి నాయనమ్మ ముందు పెట్టింది. ఆ ఊరి నీళ్ళట. నాయనమ్మ అరచేతిలో పోయించుకుని, కళ్ళకద్దుకుని తాగి, మిగిలిన తడి నెత్తిన రాసుకుని, ఏ దేవుడి తీర్థమని అడిగింది.

"దేవుడెవరో నాకు తెలీదండి మామ్మగారూ. కూచుని తాగితే మాత్రం పనిచెయ్యదంట. అక్కడందరూ గ్లాసు పట్టుకుని నడుత్తా తాగుతారండి."

తీర్థమన్నాక తప్పుతుందా? నాయనమ్మ గోడ పట్టుకుని లేచింది. మా అంతస్తు వరండాయే ఆ ఊళ్ళో నీళ్ళు తాగే మంటపమైంది. అక్కడ పొడుగాటి స్తంభాల వరస, వెనక గోడ నిండా పాత కథల బొమ్మలు ఉంటాయట. గ్లాసు అంచు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగడం నాయనమ్మ అలవాటు. నడుస్తూ అలా తాగితే నీళ్ళు ముక్కులోకి పోతాయి కనక ప్రతి గుమ్మం దగ్గరా ఆగేది. ఆగినచోటల్లా ఒక బొమ్మ ఉన్నట్టు అక్క కథ చెప్పేది. తర్వాతేమైందని అడిగితే, ఆ బొమ్మ ఇంకా అవతలుందండి, రండి అనేది.

ఆ ఊరి చరిత్ర కూడా అలాగే అడుగడుగునా విన్నాం. రెండు వేల ఏళ్ళనాడు రోమనులు ఆ వేడినీళ్ళ కోసం స్నానాల గదులు కట్టుకున్నారట. నేల కింద నుంచి వేడి పంపి గచ్చు వెచ్చబెట్టుకునేవారట. ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత రాజులూ జమీందార్లూ వచ్చారు, కొందరు ఒళ్ళు బాగుచేసుకోవడానికి, కొందరు జూదమాడటానికి. "అయితే జబ్బూ పోద్ది, డబ్బూ పోద్ది" అని నాయనమ్మ తేల్చింది.

వరండా అయిపోయాక మెట్లు వచ్చాయి. ఆ ఊళ్ళో కోటకు నిట్టనిలువు మెట్లున్నాయట. కోట పైన కదా, మనం దిగుతున్నామేంటని నేను అడ్డుపడ్డాను. దిగితేనే కదా ఎక్కేదని అక్క నా నోరు మూయించింది. రోజుకు కాస్త దిగడం, ఎక్కడం. ఫ్లాస్కు మాత్రం ఎన్నాళ్ళకీ ఖాళీ అవలేదు.

ఒక సాయంత్రం నాన్న ఆఫీసు బండి దిగేసరికి నాయనమ్మ మా బిల్డింగు ముందు గ్లాసుతో నిలబడి ఉంది. ఆ ఊళ్ళో చిన్న చిన్న వంతెనలున్న నది ఉందట; కార్లు ఆపుకునే ఆ జాగాయే మాకు ఆ నది. నాన్న బండి తలుపు వెయ్యడం కూడా మరిచి ఆ జాగా మధ్యలోనే ఆగిపోయాడు.

"నదిలో నిలబడ్డావురా, గట్టుకి రా" అంది నాయనమ్మ.

ప్రయాణం మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఆ రాత్రి రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాను.

తర్వాతెప్పుడో పక్కింటికి వెళ్తే, అక్క వంటింట్లో వేడినీళ్ళలో ఉప్పూ, కాస్త వంటసోడా కలిపి ఫ్లాస్కులో పోస్తూ కనబడింది. "నీళ్ళ మహిమేంటో నాకు తెలీదమ్మా. మా పెద్దావిడ ఆ మంటపంలో కథలు చూసుకుంటా ఎంత దూరం నడిచిందో చూశాను, అంతే" అంది. రహస్యం కడుపులో దాచుకోలేక పరుగున వెళ్ళి నాయనమ్మకు చెప్పేశాను.

ఆవిడ తాపీగా నవ్వింది. "పిచ్చిదానా, ఉప్పు రుచి తెలీని నోరటే నాది? ఆ కథల్లో ఒకే రాజు మూడుసార్లు చచ్చిపోయాడు. ఎందుకని అడిగానా? పొద్దున్నుంచీ ఒక ముసలమ్మకి చేసొచ్చి, మళ్ళీ నా కోసం ఫ్లాస్కు పట్టుకొస్తది. ఆ పిల్లని నిలబెట్టి నేను కూచోనా?"

ఒకరు మనకోసం కల్లబొల్లి కథ మోసుకొస్తే దాని వెంట నాలుగడుగులు వెయ్యడం కూడా ప్రేమేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నడవమని డాక్టర్లు చెప్పేది నాకు. గ్లాసు పట్టుకుని బయల్దేరితే నా మనవరాలు బడి సంచీ పడేసి వెంట వస్తుంది. ఆ ఊరు నేను ఈ రోజుకీ చూడలేదు. అయినా బొమ్మ బొమ్మకూ ఆగి కథ చెబుతాను. నిన్న చచ్చిపోయిన రాజు ఇవాళ గుర్రమెక్కినా అది నోరెత్తదు. నా చెయ్యి పట్టుకుని, తర్వాతి బొమ్మ ఎక్కడుందని మాత్రం అడుగుతుంది.