పలికే లాప్‌టాప్

ఆసుపత్రిలో ఆమెను అందరూ హలో అక్క అంటారు. టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనునూ ఏ వార్డుకు కావాలో ఆ వార్డుకు కలపడం ఆమె ఉద్యోగం. పుట్టుకతోనే చూపు లేదు. ఎవరైనా అయ్యో పాపమంటే, ఈసారి మీ ఫోను మార్చురీకి కలుపుతానని బెదిరిస్తుంది. నోరు కాస్త దురుసే గాని మనసు వెన్న. ఆ వెన్నలో సగానికి పైగా తమ్ముడి వాటా.

తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తాడు. అక్కకు వచ్చే ఉత్తరాలు, బిల్లులు, చివరికి మందు సీసా మీది చీటీ కూడా ఇరవయ్యేళ్లుగా అతనే చదివి వినిపిస్తున్నాడు. కాగితం చేతిలో పడితే చాలు, తేదీ మొదలు సంతకం దాకా పైకి చదవాల్సిందే. ఆఫీసు ఫైళ్లనూ అలాగే చదువుతాడని పక్క బల్లలవాళ్లు తలలు పట్టుకుంటారు.

దూరపు ఊళ్లో పెద్ద ఉద్యోగం ఇస్తామంటే అతను రెండుసార్లు కాదన్నాడు. ఇప్పుడు మూడోసారి అడిగారు. శుక్రవారంలోగా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి, లేదంటే ఇక అడగరు. ఈ సంగతి ఆదివారం నాడు మరదలు బట్టలు మడత పెడుతూ చల్లగా చెప్పింది.

"ఎందుకు వద్దంటాడట?"

"ఎందుకేమిటి వదినా. ఆయన వెళ్తే మీకు ఉత్తరాలు ఎవరు చదివిపెడతారు?"

హలో అక్కకు తల కొట్టేసినట్టయింది. తనవల్ల తమ్ముడి బతుకు ఆగిపోయిందంటే ఆ మాట ఎలా మింగుడుపడుతుంది? రాత్రి అన్నం సయించలేదు.

సోమవారం డ్యూటీ దిగగానే ఆసుపత్రి ఎదురుగా ఉన్న కంప్యూటర్ రిపేరు షాపుకు వెళ్లింది.

"రాసింది చదివి వినిపించే లాప్‌టాప్ కావాలయ్యా. కాగితాలైతే స్కానర్ మీద పెడతాను. పాతదైనా ఫర్వాలేదు."

"ఒకటుందక్కా. కానీ స్క్రీన్ పోయింది."

"పోతే పోనీ. నేనేమన్నా సినిమా చూస్తానా?"

షాపతను నవ్వాపుకున్నాడు. ఆ ముసలి ప్రాణం బరువు మోయలేదని, యునిక్స్ వంశంలోని తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లే దానికి సరిపోతాయని చెప్పి, మూడు పెన్‌డ్రైవులు బల్ల మీద పెట్టాడు. మూడూ ఒకే తాత మనవలేనట, గుణాలే వేరట. మొదటిది మహా అందగత్తె అన్నాడు. పెట్టి చూస్తే ఉలుకూ పలుకూ లేదు.

"ఎక్కించాక మాట్లాడుతుందక్కా."

"ఎక్కించేదాకా?"

"వేరే స్క్రీన్ తగిలించి మేం చూసి చెప్తాంగా."

అక్కడే ఆమెకు ఒళ్లు మండింది. మళ్లీ ఎవరో చూసి చెప్పడమే అయితే ఈ తిప్పలన్నీ ఎందుకు? రేపు అది పాడైతే మళ్లీ తమ్ముడికే కబురు పెట్టాలి. రెండోది రాయిలా గట్టిదన్నాడు. అదీ రాయిలాగే ఉండిపోయింది.

మూడోది డెబియన్. దాని గురించి అతనికి చెప్పడానికి గొప్పలేమీ దొరకలేదు. పెట్టిన కాసేపటికి చిన్నగా బీప్ వినిపించింది.

"హలో, ఆసుపత్రి, చెప్పండి," అంది హలో అక్క.

ముప్పై ఏళ్ల అలవాటు మరి. షాపతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక, బీప్ రాగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టాలని ఎక్కడో చదివింది గుర్తొచ్చి చెప్పాడు. ఆమె నొక్కింది. జలుబు చేసినట్టున్న గొంతొకటి, ఏ భాష కావాలని ఆమెనే అడిగింది. ఎవర్నో కాదు, ఆమెనే.

"ఇదే ఇవ్వు."

"గొంతేం బాలేదక్కా."

"మా సూపరింటెండెంటు గొంతు ఇంతకన్నా బాగుందా ఏంటి? రోజూ వినట్లేదూ."

మంగళవారం సాయంత్రం ఇంట్లో ఆ సిస్టమ్‌ను ఎక్కించడానికి కూర్చుంది. తమ్ముడు పక్కనే కుర్చీ లాక్కున్నాడు. ప్రతిదాంట్లో వేలు పెట్టడం అతనికి ప్రేమ. కానీ నల్లటి స్క్రీన్‌లో ఏముంది చూడ్డానికి? గుడ్లప్పగించి కూర్చున్నాడు. అది అడుగుతోంది, అక్క జవాబు చెబుతోంది. పాతదంతా చెరిపేయనా అని అడిగినప్పుడు మాత్రం అతని ప్రాణం విలవిల్లాడింది.

"అక్కా, ఆగు, ఎవరినైనా అడుగుదాం."

"నన్నే అడుగుతోంది కదరా," అని ఎంటర్ కొట్టింది.

గంటన్నరకు సిస్టమ్ లేచి కూర్చుంది. బుధవారమంతా ఆ జలుబు గొంతు ఇంట్లో మోగుతూనే ఉంది. మెయిల్లో వచ్చిన కరెంటు బిల్లును దాని చేత మూడుసార్లు చదివించింది. బిల్లు చదవనక్కరలేక తమ్ముడు ఇల్లంతా ఊరికే తిరిగాడు. కొత్త ఉద్యోగం మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

గురువారం ఆమె, లాప్‌టాప్‌లో తనే టైపు చేసి ఆసుపత్రి ఆఫీసులో ప్రింటు తీయించిన కాగితమొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది కాస్త చదువు."

అతని మొహం వెలిగింది. తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. "గౌరవనీయులైన అధికారిగారికి. మీరు ఇస్తామన్న ఉద్యోగానికి నేను సంతోషంగా ఒప్పుకుంటున్నాను. వచ్చే నెల..." అని ఆగిపోయాడు.

"అక్కా, ఇది నా ఉత్తరం."

"ఇన్నేళ్లూ నా ఉత్తరాలు నువ్వు చదివావుగా. సంతకం దాకా చదువు."

చదివాడు. మరదలు వంటింటి గుమ్మంలో చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ నిలబడింది.

"సంతకం లేదక్కా," అన్నాడు చివర్న.

హలో అక్క అప్పటికే పెన్ను పట్టుకుని చెయ్యి చాపి ఉంది.

"అదొక్కటే నాకు చేతకాలేదురా. నువ్వు పెట్టు."