దువ్వితే ఏడవని పిల్ల

నా కూతురికి నాలుగేళ్లు వచ్చేసరికి జుట్టు రూపమే మారిపోయింది. పసితనంలో మెత్తగా ఉండేది కాస్తా గరుకెక్కింది. మెడ వెనక ముద్దకట్టేది, ఎంత నూనె రాసినా అణిగేది కాదు. కత్తెర పెట్టకపోయినా చెవులు దాటి పెరగలేదు. దువ్విన ప్రతిసారీ దువ్వెన నిండా వెంట్రుకలే.

అయినా పిల్ల కిక్కురుమనేది కాదు. పక్కింటి పిల్ల దువ్వెన చూస్తేనే వీధి చివరిదాకా వినబడేలా ఏడిస్తే, నాది బొమ్మతో ఆడుకుంటూ కూర్చునేది. నా బంగారం ఎంత ఓర్పు గలదో అని మురిసిపోయేదాన్ని.

మా అత్తమ్మ మురిసిపోలేదు. మనసులో మాట దాచుకునే మనిషి కాదావిడ. "నీ కోపమంత పిల్ల నెత్తి మీద తీస్తానవా? గట్ల గుంజితె ఏం మిగుల్తది?" అని చుట్టాల ముందే అడిగేది. వాళ్లు నా చేతుల వంక చూసేవాళ్లు. అత్త మీద కోపం దుత్త మీద అన్న సామెత ఉండనే ఉందాయె! ఏడుపొచ్చేది. రాను రాను, నిజంగానే నా చెయ్యి మోటేమోనని నాకే అనుమానం పట్టుకుంది. దువ్వెన పక్కన పెట్టి వేళ్లతోనే చిక్కు తీసేదాన్ని.

చివరికి సుబేదారిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం ఆటోలో వెళ్లాం. అత్తమ్మ నా మీద సాక్ష్యం చెప్పడానికే వచ్చిందని నా నమ్మకం. చెప్పింది కూడా.

డాక్టరమ్మ అంతా విని నావైపు తిరిగింది. "దువ్వితే ఏడుస్తదా?"

"అస్సలు ఏడ్వది మేడం, చాన మంచిది," అన్నాను గొప్పగా.

ఆమె పిల్లను గాజుల గురించి అడుగుతూనే, రెండు వేళ్లతో కొన్ని వెంట్రుకలు పట్టి మెల్లగా లాగింది. ఊడి వచ్చేశాయి. పిల్ల మాత్రం గాజుల కబుర్లు చెబుతూనే ఉంది. డాక్టరమ్మ ఆ వెంట్రుకలను మైక్రోస్కోపు కింద పెట్టి మా ఇద్దరికీ చూపించింది. కుదురు దగ్గరి పొర, కాలి నుంచి జారిన సాక్సులా ముడతలు పడి ఉంది.

"కుదుళ్లకు పట్టు లేదమ్మా. కొందరికి పుట్టుకతోనే ఇట్ల ఉంటది. అందుకే ఊడినా నొప్పి తెల్వది. ఎవ్వరు గుంజలే. పెద్దగయితాంటె చానమందికి సర్దుకుంటది. మెల్లగ దువ్వుండ్రి, చాలు."

ఇంటికొచ్చాక అత్తమ్మ దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి, "దువ్వు బిడ్డా" అంది. అంతే. నా కోపం పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు.

ఇప్పుడు పిల్ల బడికి పోతోంది. మొన్న పొద్దున చిక్కు తీస్తుంటే ఒక్కసారిగా "అమ్మా, నొస్తాంది!" అని కెవ్వుమంది. వంటింట్లోంచి అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో దువ్వెన, పిల్ల కళ్లలో నీళ్లు. ఇక తిట్లు తప్పవనుకున్నాను.

"ఏదీ," అంది అత్తమ్మ ఒక్క వెంట్రుకా లేని దువ్వెన వంక చూసి, "మళ్లొకపారి గుంజు బిడ్డా."