సారెలో వీడియో గేమ్

పెళ్ళయిన కొత్తలో మగవాడికి రాని విద్యంటూ ఉండదు. ఆ రోజుల్లో నన్నెవరైనా "విమానం నడుపుతావా?" అని అడిగినా "తాళంచెవి ఎక్కడుంది?" అనేవాడిని. అందులోనూ అత్తవారింట్లో అయితే చెప్పనక్కర్లేదు. నా ఉద్యోగం చూస్తే తాడేపల్లి వైపు రోడ్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరు. అంటే కంకర లారీలు వచ్చాయో లేదో చూసుకోవడం, తారు చల్లారకముందే డ్రైవర్ల మీద అరవడం. కానీ పెళ్ళిచూపులనాడు మధ్యవర్తి "అబ్బాయి ఇంజినీరండీ" అని అక్కడితో ఊరుకున్నాడు. ఏ ఇంజినీరో వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. (శుభలేఖలో నా పేరు పక్కన బి.టెక్. అని బంగారు రంగు అక్షరాల్లో వేయించారు గానీ, సివిల్ అన్న ముక్కకు చోటు చాలలేదట.)

పెళ్ళయ్యాక మూడు నిద్రలకని ప్రత్తిపాడు పక్కనున్న అత్తగారి ఊరు వెళ్ళాం. మిరపకాయల కాలం. కాయలు తొక్కి నింపిన గోతాల్ని మా వైపు టిక్కీలంటారు. గుంటూరు మిర్చి యార్డులో రేటు ఇంకాస్త పెరుగుతుందని మావగారు ఆగడంతో వసారా నిండా, హాల్లో సగం దాకా టిక్కీలే పేర్చి ఉన్నాయి. నేను గుమ్మంలో కాలు పెట్టీపెట్టగానే తుమ్మాను. హారతి పళ్ళెం పట్టుకున్న అత్తగారి ముఖం పాలిపోయింది. మా ఆవిడ నాయనమ్మ మాత్రం చలించలేదు. "ఒంటి తుమ్ము మంచిది కాదు, ఇంకోటి తుమ్ము నాయనా" అని ఆజ్ఞాపించింది. ఆ ఇంట్లో అదేమంత కష్టమైన పని కాదు కనక, ఆవిడ అడిగినదానికంటే నాలుగు ఎక్కువే తుమ్మి లోపలికి వెళ్ళాను.

మావగారు మితభాషి. "ఊఁ" అంటే అవునని, "ఊఁహూఁ" అంటే కాదని, ఏమీ అనకపోతే ఆలోచిస్తున్నారని. ఆయన మాట్లాడాల్సిన మాటలన్నీ వాళ్ళమ్మ, అంటే నాయనమ్మ, మాట్లాడేసేది. ఇంజినీరు అల్లుడు దిగాడని తెలిశాక ఆ ఇంట్లో చెడిపోయిన వస్తువులన్నీ ఒక్కొక్కటిగా నా ముందుకు రావడం మొదలుపెట్టాయి. అత్తగారి మిక్సీ వచ్చింది. బోరు మోటారు స్టార్టరు వచ్చింది. నాయనమ్మ తన పాత చెవి మిషను తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "సాయంత్రం తీరిగ్గా చూద్దాం" అని వాయిదా వేస్తూ వచ్చాను. సాయంత్రమయ్యేసరికి "పొద్దున వెలుతురులో చూద్దాం" అనేవాడిని.

అప్పటిదాకా మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు "కాఫీ", "నీళ్ళు తోడాను", "అన్నానికి రండి", అంతే. మొదటి నిద్ర మర్నాడు పొద్దున కాఫీ ఇచ్చి, వెళ్ళిపోకుండా నిలబడింది. "ఏమండీ, మీకు వీడియో గేము బాగుచేయడం వచ్చా?" అంది. నా భార్య నన్ను అడిగిన మొట్టమొదటి పూర్తి ప్రశ్న అది. "ఓ, దానిదేముంది!" అన్నాను.

టీవీ కిందనుంచి ఒక నల్లటి పెట్టె తెచ్చింది. పెళ్ళికి ముందు గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదట. జీతం కూడబెట్టి తనే కొనుక్కుందట. పిల్లలు అరిచి అరిచి తల దిమ్మెక్కించిన రోజున ఇంటికొచ్చి ఒక్క కార్ల రేసు ఆడితే చాలు, నెప్పంతా చేత్తో తీసేసినట్టు పోయేదట. ఇప్పుడేమో ఆన్ చేస్తే కాసేపు ఆడి, లోపల ఫ్యాను పిండిమరలా మోగి, టప్పున ఆగిపోతోంది. "టిక్కీలు హాల్లోకి వచ్చిన కాడ్నుంచీ ఇంతే. లోపలికి కారం పోయిందేమోనండీ" అంది. "అది విప్పి చూస్తేగానీ చెప్పలేం" అన్నాను పెద్ద డాక్టరులా.

ఇంతలో అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. "చెడిపోయిన దాన్ని ఆడపిల్ల ఎంట పంపుతారటే? సారెలో అన్నీ నిక్షేపంలాంటియ్యే పోవాల. బాగైతే పట్టుకుపో. లేకపోతే పాత సామాన్లోడికి ఏసేత్తా, ఆ మాట ముందే చెప్తన్నా" అని తేల్చేశారు. మా ఆవిడ నావైపు చూసింది. పుట్టినింటినుంచి ఆ పిల్ల కోరుకున్న వస్తువు అదొక్కటే. నగల గురించి గానీ చీరల గురించి గానీ ఒక్కమాట మాట్లాడని మనిషి, ఆ నల్ల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మరలు నక్షత్రం ఆకారంలో ఉన్నాయి. కరెంటు టెస్టరుతో గెలికితే పక్కన ప్లాస్టిక్కు గీరుకుపోయింది తప్ప మర కదల్లేదు. మావగారి బండేసుకుని ప్రత్తిపాడు వెళ్ళి, సెల్‌ఫోన్ల కొట్టువాడిని బతిమాలి చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు తెచ్చాను. మూత ఊడింది. లోపల చూద్దును కదా, పచ్చడి జాడీ అడుగున మిగిలిన గుండలాగా ఎర్రగా పేరుకుపోయి ఉంది. ఫ్యాను రెక్కలు కనిపించడం లేదు. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని తొంగిచూసి, "కాత్త నూనె పోత్తే అన్నంలో కలుపుకోవచ్చు గదరా" అంది.

ఫోనులో వీడియోలు వెతికాను. ఎవరో దేశంకాని దేశపు పెద్దమనిషి డబ్బాలో నింపిన గాలి తెచ్చుకుని బుస్సుమని కొడుతున్నాడు. "గాలి కొనుక్కుంటన్నారా? ఏం పోయేకాలం!" అని నాయనమ్మ నోరు నొక్కుకుంది. మావగారు మాత్రం లేచి కొట్టంలోకి వెళ్ళి, పత్తి చేనుకి మందు కొట్టే పెట్రోలు పంపు తెచ్చారు. వీపుకి తగిలించుకుని తాడు లాగితే గొట్టంలోంచి గాలి తన్నుకొస్తుంది చూడండి, అది. మందు డబ్బా శుభ్రంగా కడిగే ఉంది. "చాలా?" అన్నారు. "చాలు మావయ్యా" అన్నాను. ఆయన ఒకసారి వాకిలి వైపు, ఒకసారి టిక్కీల వైపు చూసి, "బయట పెట్టుకుందామా?" అన్నారు. ఆయన నోటివెంట అంత పొడుగు మాట రావడం అరుదు. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దూ! "బయటైతే దుమ్ము పడుద్ది మావయ్యా. సున్నితమైన వస్తువు. లోపలే కానిద్దాం. తలుపులు కూడా వేసేయండి" అన్నాను. (ఈ వాక్యం మా ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. చుట్టాలెవరొచ్చినా అప్పజెబుతుంది.)

మావగారు తాడు లాగారు. నేను గొట్టం పెట్టెకే గురిపెట్టాను. గాలి నా మాట వినలేదు. పెట్టెలో ఉన్నది చిటికెడు, హాల్లో ఉన్నది ఆ యేటి పంట. టిక్కీల సందుల్లో, గోతాల నేతలో, నేలమీద పేరుకున్న గుండంతా ఒక్కసారిగా లేచింది. హాలంతా ఎర్రటి పొగ కమ్మింది. నేను తుమ్ముతూ గొట్టం అటు తిప్పితే అటున్న టిక్కీలు లేచాయి, ఇటు తిప్పితే ఇటున్నవి. పంపు ఆపడం మావగారికి తెలుసు గానీ ఆయన వీపు మీదున్న పంపు ఆయనకే కనిపించడం లేదు. అత్తగారు దేవుణ్ణి పిలుస్తున్నారు. నాయనమ్మ నన్ను పిలుస్తోంది. నేను వేయించిన తలుపు గడియ నాకే దొరకలేదు. చివరికి మా ఆవిడ తడుముకుంటూ వెళ్ళి తలుపు తీస్తే అందరం వాకిట్లో పడ్డాం. పక్కింటావిడ గోడ మీదనుంచి తల పెట్టి, దగ్గుతూ, "ఏందమ్మో, కొత్తల్లుడికి దిష్టి తీత్తన్నారా? ఇన్ని మిరపకాయలా?" అని అడిగింది. "దిష్టి కాదే, మా మనవడు రిపేరు చేత్తన్నాడు!" అని నాయనమ్మ తుమ్ముల మధ్య గర్వంగా జవాబిచ్చింది.

అందరం కుళాయి చుట్టూ చేరి ముఖాలు కడుక్కున్నాం. నేను సిగ్గుతో చితికిపోయి ఒక మూల నిలబడ్డాను. అప్పుడు వినబడింది నవ్వు. మా ఆవిడ నేలమీద చతికిలబడి, కళ్ళు ముక్కు ఎర్రగా వాచిపోయి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "దుమ్ము పడుద్దంట నానమ్మా... బయటైతే దుమ్ము పడుద్దంట!" అని చెప్పబోయి చెప్పలేక మళ్ళీ నవ్వుతోంది. ఆ పిల్ల అలా నవ్వగలదని నాకు తెలియదు. కళ్ళు భగభగ మండుతున్నా, అంత సంతోషం పెళ్ళి పీటల మీద కూడా కలగలేదు నాకు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం వేపచెట్టు నీడలో, బయటే, మంచం వేసుకుని కూర్చున్నాం. పెట్రోలు పంపు వల్ల కాని పని నాయనమ్మ ఒత్తులు చేశాయి. తమ చేలో పత్తితో దేవుడి దీపానికని చేసి పెట్టుకున్న ఒత్తులు గుప్పెడు తెచ్చి ఇచ్చింది. "తెల్లగా వచ్చేదాకా తుడవండి, దేవుడేం అనుకోడు" అంది. ఒక్కో రెక్కా మా ఆవిడ తుడుస్తుంటే నేను గంభీరంగా ఫోను లైటు పట్టుకున్నాను. అప్పుడప్పుడు "ఆ మూల" అని సూచనలిచ్చేవాడిని. స్కూలు కబుర్లు చెప్పింది. నేను రోడ్ల ఇంజినీరునని అప్పుడే ఒప్పేసుకున్నాను. "మిక్సీని మీరు పట్టుకున్న తీరు చూసినప్పుడే తెలిసింది లెండి" అంది.

బయల్దేరే రోజు పొద్దున పరీక్ష. అత్తగారు ఎసట్లో బియ్యం పోసి వచ్చి, "నేను అన్నం వార్చేలోపు ఇది ఆగిందా, పాత సామాన్లోడికే" అని గరిటె ఝళిపించి వెళ్ళారు. మేమిద్దరం టీవీ ముందు కూర్చుని కార్ల రేసు పెట్టాం. ఫ్యాను మెల్లగా మొదలుపెట్టింది. మా ఆవిడ కారు దూసుకుపోతోంది. "మనవడిది ఏ కారే?" అంది నాయనమ్మ. "ఆ గోడకి గుద్దుకునేదే నానమ్మా." "రోడ్లేసేవాడికి రోడ్డు మీద నడపడం రాదా?" (వేపచెట్టు కింద ఒప్పుకున్న సంగతి అప్పటికే ఆవిడ దాకా వెళ్ళిందన్నమాట.) నాకు రేసు మీద ధ్యాస లేదు. చెవులు రెండూ ఆ పెట్టెకే అప్పగించాను. పెట్టె వేడెక్కింది. ఎక్కడో మిగిలిన కారం వెచ్చటి గాలితో బయటికొస్తోంది. కళ్ళు చురచురమంటున్నాయి. ఎవరూ తుమ్మలేదు, ఎవరూ కదల్లేదు. తుమ్మితే ఎక్కడ ఆగిపోతుందోనని మావగారు తువ్వాలుతో ముక్కు గట్టిగా పట్టుకున్నారు. వంటింట్లో గంజి వంపిన చప్పుడయింది. పెట్టె ఆడుతూనే ఉంది. అత్తగారు వచ్చి చూసి, పసుపూ కుంకుమా తెచ్చి పెట్టె నెత్తిన బొట్టు పెట్టారు. మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

లడ్డూల డబ్బాలు, అరటి గెల, చలిమిడి బేసిను, వాటి మధ్య దుప్పట్లో చుట్టిన వీడియో గేము. అన్నీ మేం వెళ్ళే అద్దె కారు డిక్కీలో సర్ది మూత వేశారు. అత్తగారు ఏడుస్తూనే జాగ్రత్తలు చెప్పారు. నాయనమ్మ ఏడుస్తూనే నన్ను తిట్టింది. మావగారు మాత్రం కాస్త ఎడంగా గేటు పట్టుకుని నిలబడ్డారు. సెలవు తీసుకుందామని దగ్గరికెళితే ఆయన కళ్ళు ఎర్రగా, నీళ్ళతో నిండి ఉన్నాయి. "ఏంటి మావయ్యా?" అన్నాను కంగారుగా. ఆయన తువ్వాలు కళ్ళకి అద్దుకుని, "ఏం లేదల్లుడూ. ఆ పెట్టెలో ఘాటు, ఇంకా పోయినట్టు లేదు" అన్నారు.

డిక్కీ మూత వేసి ఉంది. పెట్టె దుప్పట్లో ఉంది. మధ్యలో బోలెడంత వాకిలి. ఇంజినీరుని కదా, అవేవీ నాకు తట్టలేదు. "నలపకండి మావయ్యా, ఎక్కువవుద్ది. చన్నీళ్ళతో బాగా కడుక్కోండి" అని సలహా ఇచ్చాను. ఆయన "ఊఁ" అని, బుద్ధిగా కుళాయి దగ్గరికి వెళ్ళారు. కారు కదిలి వీధి మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన వంగి ముఖం కడుక్కుంటూనే ఉన్నారు. పక్కన మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెళ్తూ వెళ్తూ మావగారికి కూడా ఒక సాయం చేశానని ఆ కుర్ర ఇంజినీరు ప్రత్తిపాడు దాకా మురిసిపోతూనే ఉన్నాడు.