ఐదు మెగాపిక్సెళ్ల అవ్వ

ఆ రోజుల్లో మనిషి గొప్పతనాన్ని మెగాపిక్సెళ్లలో కొలిచేవాళ్లం. ఇప్పుడు ఎవరి జేబులో చూసినా మూడు కళ్ల ఫోనో నాలుగు కళ్ల ఫోనో ఉంటుంది కనుక ఈ కొలత ఎవరికీ గుర్తు లేదు. అప్పట్లో జనగామ డిగ్రీ కాలేజీలో మా క్లాసు మొత్తానికి కెమెరా ఉన్న ఫోన్లు ఆరో ఏడో. అందులో ఐదు మెగాపిక్సెళ్లది నా ఒక్కడిదే. దానికి ఆటో ఫోకస్ ఉంది, ఫ్లాష్ ఉంది, ఫోటోను నలుపు తెలుపులోకి మార్చే ఏర్పాటు ఉంది, చుట్టూ పూల అంచు పెట్టే ఏర్పాటు కూడా ఉంది. కటకాల గురించి క్లాసులో అధికారంగా మాట్లాడేది నేనే. (కాంతిశాస్త్రం పేపరు రెండుసార్లు రాయాల్సి వచ్చింది. అది వేరే సంగతి.)

నా వైభవానికి ఒకే ఒక్క అడ్డు మా బావ. మేనమామ కొడుకు, ఉండేది మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్, నోట్లో మానుకోటే). అతని దగ్గర చైనా ఫోను ఒకటి ఉండేది. రెండు సిమ్ములు, నాలుగు స్పీకర్లు, లాగితే బయటికొచ్చే ఏరియల్, వెనక కెమెరా పక్కన ‘పన్నెండు మెగాపిక్సెల్’ అని స్టిక్కరు. బటన్ నొక్కిన తర్వాత ఆ కెమెరా కాసేపు ఆలోచించుకుని, మనసు కుదిరాక ఫోటో తీసేది. కోడిని తీస్తే అప్పటికి కోడి వెళ్లిపోయేది, ఒక్కోసారి తోక మాత్రం దొరికేది.

“నీది అయిదు, నాది పన్నెండు. లెక్క రాదా నీకు?” అనేవాడు బావ.

“గది స్టిక్కర్ బావా. ఊడదీసి నా ఫోనుకు అంటిస్తె నాది గూడ పన్నెండే అయితది.”

“మరి అంటించుకో. ఎవలొద్దన్నరు?”



అది తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న కాలం. బస్సులు నిలిచిపోయాయి, కాలేజీ మూతబడింది. చౌరస్తాలో టెంటు కింద రోజుకు కొందరు చొప్పున నిరాహారదీక్షలో కూర్చునేవారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవారు. నాయిన కూడా సమ్మెలో ఉండి ఇంట్లోనే కనిపించేవాడు. అలాంటి రోజుల్లో భూపాలపల్లి నుంచి మామ ఫోను చేశాడు. ఈ మామ మా చిన్నవ్వ కొడుకు, బొగ్గుబాయిలో (అంటే గనిలో) పని. చిన్నవ్వ అంటే మా అవ్వకు (అంటే అమ్మమ్మకు) సొంత చెల్లెలు. అవ్వ అప్పుడు మా ఇంట్లోనే ఉండేది. నెలకోసారి బస్సెక్కి భూపాలపల్లి పోయి, చెల్లెలితో రెండు రోజులు పోట్లాడి వచ్చేది. ఆ నెల పోలేకపోయింది.

“అక్కా, అమ్మ మూడు దినాల సంది గంజి సుత ముడుతలేదు,” అన్నాడు మామ మా అమ్మతో. “పెద్దమ్మ సచ్చిపోయిందట, మనమందరం కలిసి దాస్తున్నమట. బస్సులు బందున్నయే అంటె, గిన్ని దినాలు ఎక్కడన్న బస్సులు బందుంటయార అని నన్నే తిడుతున్నది. డాక్టర్ వచ్చి చూసిండు. గిట్లనే ఇంక రెండు దినాలైతె కష్టమన్నడు.”

అవ్వ ఫోను లాక్కుని, “ఓసే, నేను బతికే ఉన్ననే” అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. అవతలి నుంచి చిన్నవ్వ మాట మామ నోటి మీదుగా వచ్చింది. “గది అక్క కాదు, అక్క బిడ్డ. తల్లిగొంతు బిడ్డకు రాదా?”

అవ్వ ఫోను కింద పెట్టేసింది. ఆమె మోకాళ్లకు బస్సెక్కడమే కష్టం, బండి మీద అంత దూరం కూర్చోలేదు. చివరికి నాతో, “నేను సచ్చిన్నని అదే ముందుగాల పోయేటట్టున్నది. ఏదన్న చెయిరా,” అంది.

నాకు కావలసింది కూడా అదే. ఫోటో తీసుకుపోయి చూపిద్దామన్నాను. మామ ఫోనులో అంకెలు తప్ప ఏమీ కనబడవు కనుక మనిషే ఫోను పట్టుకుని పోవాలి. బండి ఉన్నది బావకు. కబురు పెడితే తొర్రూరు మీదుగా పొద్దున్నే వచ్చాడు, ఏరియల్ లాగి. ఇద్దరం రెండు ఫోన్లతోనూ తీద్దామని, ఏ కెమెరా గొప్పదో చిన్నవ్వే తేలుస్తుందని ఒప్పందం.

ఆ రోజే టెంటులో మా వాడ ముసలమ్మల వంతు. అవ్వ పేరిచ్చి ఉంది. “పేరిచ్చినంక కూసోకపోతె ఇజ్జత్ పోతది” అని వెళ్లి కూర్చుంది. దీక్షలో కూర్చున్నవాళ్ల నుదుట బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేయడం రివాజు. ఆ వేషంలో అవ్వ నిజంగానే బాగుంది. నేను అరగంట కష్టపడ్డాను. వెనక మైకు కనబడకుండా జరిపించాను, ఎండను బట్టి మూడు చోట్ల నిలబడి చూశాను.

“కదలకు అవ్వా. ఊపిరి గూడ జర ఆపు.”

“ఊపిరి ఆపితె మీ చిన్నవ్వ చెప్పిందే నిజమైతది గదరా.”

“సరే, జర నవ్వు.”

“పండ్లు లెవ్వు. ఏం పెట్టి నవ్వాలె?”

నవ్వకుండానే తీశాను. నోరు మూసుకుని, కళ్లు తిన్నగా, దండలో ఒక్కో బంతిరేకు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. అంతటితో ఆగవచ్చు. కానీ నా ఫోనులో ఇంకా ఏర్పాట్లు ఉన్నాయి కదా. నలుపు తెలుపులోకి మార్చాను, కళాత్మకంగా ఉంటుందని. చుట్టూ పూల అంచు పెట్టాను. అవ్వ పక్కన కూర్చున్న ముసలమ్మ చూసి, “మస్తుగొచ్చింది బిడ్డా. నాది గూడ ఒకటి తీసిపెట్టు, రేపటికి పనికొస్తది” అంది. నాకు అప్పుడైనా వెలగాల్సింది. మెచ్చుకోలు వింటున్నప్పుడు నాకు ఇంకేమీ వెలగదు.

బావ వంతు వచ్చేసరికి అతని ఎడమ చేతిలో మిర్చి బజ్జీల పొట్లం ఉంది. ఒకటి నోట్లో పెట్టుకుని కుడిచేత్తో బటన్ నొక్కాడు. కెమెరా ఆలోచనలో పడింది. ఈలోగా అవ్వ చూసింది.

“ఓరి నీ నోట్ల మన్ను వడ. దీచ్చల కూసున్నోళ్ల ముంగట మిర్చీలు తింటవార?” అంటూ చెయ్యి లేపింది. సరిగ్గా అప్పుడు కెమెరాకు మనసు కుదిరింది.

ఆ ఫోటోలో ముఖం ఉండాల్సిన చోట మబ్బు ఉంది. దండ పసుపు పొగలా ఉంది. మబ్బు పక్కన విసనకర్రలా విచ్చుకున్న ఒక చెయ్యి. తీసెయ్యమన్నాను. “ఉండనీ. పన్నెండు మెగాపిక్సెల్లు ఊకెనే పోగొట్టుకుంటమా” అన్నాడు.

బయల్దేరాం. దారిలో మూడు చోట్ల రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుగుతోంది. మూడు చోట్లా ఆపారు, మూడు చోట్లా తిన్నాం. (ఉద్యమంలో నా పాత్ర గురించి ఎవరైనా అడిగితే ఇది చెబుతుంటాను.) భూపాలపల్లి చేరేసరికి పొద్దు వాలింది. క్వార్టర్లో చిన్నవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైంది. అంతవరకు నాకు ఇది పోటీగానే ఉంది. ఆమె మణికట్టు చూశాక కాస్త భయమేసింది.

మామ లేపి కూర్చోబెట్టాడు. నేను ఫోను చేతికిచ్చాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, దగ్గరికి పెట్టుకుని చూసింది.

“దండేసిన్లు,” అంది మెల్లగా. “బొట్టు గూడ పెట్టిన్లు. సుట్టు పూలు పెట్టిన్లు.”

ఆ తర్వాత, “నన్నిడిసి ఎట్ల పోయినవక్కా” అని మొదలుపెట్టింది. ఆ రాగానికి చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లంతా వచ్చారు. దీక్షలో కూర్చున్నవాళ్లకు దండలు వేస్తారని, నలుపు తెలుపు నా ఫోనులోని విశేషమని నేను వివరిస్తూనే ఉన్నాను. పక్కింటామె నా భుజం మీద చెయ్యి వేసి, “ఎన్నడైంది నాయినా?” అని అడిగింది. మామ నా ఫోను తీసుకుని చూసి, “బతికున్న మనిషిని గిట్ల తీస్తరార?” అన్నాడు. ఫోటో అంత బాగా రాకుండా ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

బావ తన ఫోను ముందుకు జరిపాడు.

చిన్నవ్వ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఏడుపు రాగం మధ్యలో ఆగింది.

“గిదెవ్వలు?”

“అవ్వనే.”

“మొకమేది?”

“కదిలింది చిన్నవ్వా. నేను మిర్చీలు తింటున్ననని కొట్టవోయింది.”

చిన్నవ్వ ఆ విచ్చుకున్న చెయ్యి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. “గదే చెయ్యి,” అంది. “చిన్నప్పుడు ఈతపండ్లు దాసుకొని తింటుంటె గిదే చెయ్యి గిట్లనే లేశేది. కొట్టేది గాదు. లేపేదంతే.” కొడుకు వైపు తిరిగింది. “సచ్చినోళ్లు కదులుతరార? నువ్వు గింత సుత చెప్పవు.”

ఆమెకు అక్క ముఖం అక్కర్లేకపోయింది. ఫోనును పక్కన దిండు మీద పెట్టుకుని, “మిర్చీలు నాకు తేలేదేందిర?” అని బావను అడిగింది. మిర్చీలు వద్దని మామ గంజి తెచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అందరం నిలబడి చూశాం. చూడ్డానికి వచ్చిన వాళ్లు కూడా.

మర్నాడు తిరుగు ప్రయాణంలో పరకాల దాకా వచ్చాం. అక్కడ బావ బండి ఆపి, వెనక్కి తిరిగి, “పన్నెండు” అన్నాడు. అంతే.

బస్సులు తిరిగిన మొదటివారమే అవ్వ భూపాలపల్లి పోయింది, తోడుగా నేను. తనను చంపేసిన చెల్లెల్ని గడపలో చూడగానే చెయ్యి లేపింది. కొట్టలేదు. ఇద్దరూ ఆ చేతిని పట్టుకుని ఏడ్చారు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నా ఐదు మెగాపిక్సెళ్ల ఫోటో మా ఇంట్లో గోడ మీద ఉంది. దండ, బొట్టు, పూల అంచు అన్నీ ముందే ఉన్నాయి కనుక ఎవరూ ఏమీ మార్చలేదు. వచ్చిన చుట్టాలు ఎవరు తీశారని మెచ్చుకుంటారు. నేను కొంచెం ముందుగా తీశాను, అంతే.

బావ తీసినది ఐదారు ఫోన్లు మారి నా దగ్గరే ఉంది. ఇప్పటి నా ఫోను కదిలిన బొమ్మల్ని తనంతట తానే సరిచేస్తుంది, సరికాకపోతే తీసేయనా అని మర్యాదగా అడుగుతుంది. మొన్న అలాగే అడిగితే మా బిడ్డ చూసి, “నాన్నా, గీ ఫోటోల ఎవ్వలు లేరు గదా. తీసెయ్యనా?” అని వేలు తెరమీదికి తెచ్చింది.

“ఉన్నరు బిడ్డా,” అన్నాను. “జర దూరం జరిగి చూడు. లేకపోతె దెబ్బ తగుల్తది.”